దొర ఇచ్చిన నల్లకత్తి

అద్దంకి బస్టాండు పక్క సందులో బుడాన్ సాన పెట్టేవాడు. కొడవళ్ళు, కత్తిపీటలు, కత్తెరలు, ఏదైనా సరే అతని చేతిలో పడితే అద్దమైపోవలసిందే. ఆ పేరు దర్శి దాకా పాకింది. పంతొమ్మిది వందల యాభైతొమ్మిది వేసవిలో దర్శి నుంచి చెంచయ్య ఒక కత్తి పట్టుకొచ్చాడు.

"మా వదిన ఇంట్లోది. ఎల్లుండి మా అన్న కొడుకు సంవత్సరీకం. చుట్టాలొస్తారు. వాడి పటం కింద ఈ తుప్పుకత్తి వేలాడుతుంటే నగుబాటుగా ఉంది. మెరిపించు బుడాన్."

నడుముకి కట్టుకునే సన్నటి, పొడవాటి కత్తి. కోసే అలుగు తెల్లగానే ఉంది. ఇనప పిడి మాత్రం కారునలుపు. బుడాన్ గోటితో గీరి చూశాడు. తుప్పయితే పొడిగా రాలాలి. ఇది రాలలేదు. చెక్కిన పువ్వుల గాడుల్లోకి కూడా నున్నగా, ఒకే తీరున దిగి ఉంది. ఎవరో పనిగట్టుకుని నలుపు చేసినట్టుంది.

"ఇది తుప్పేనంటారా అయ్యా?"

"తుప్పు కాక కాటుకా? కానియ్."

బుడాన్ ఒక మూల గరుకు కాగితంతో రుద్దాడు. లోపల్నుంచి వెండిలాంటి మెరుపు. అంత మంచి ఉక్కు అతను జన్మలో ముట్టుకోలేదు. ఇక చెయ్యి ఆగలేదు. సాయంత్రానికి పిడి మొత్తం మెరిపించి చెంచయ్యకి ఇచ్చి పంపాడు.

మర్నాడు పదిగంటల బస్సులో చెంచయ్య వదిన రాఘవమ్మ దిగింది. పాత పంచెలో చుట్టిన కత్తిని అతని ముందు పెట్టింది.

"దీన్ని మళ్ళీ నల్లగా చెయ్యి నాయనా."

బుడాన్ పంచె విప్పాడు. ఆవిడే చెప్పింది.

"ఒక తెల్లదొర వెళ్ళిపోతూ మా ఆయనకి ఇచ్చాడు. ఆ దొర చంటిపిల్ల ఇక్కడే జ్వరమొచ్చి పోయింది. వాళ్ళలో ఇంట్లో చావు జరిగితే మెరిసే కత్తి కట్టుకోరట. ఇలా నల్లది కట్టుకుంటారట. మా అబ్బాయి సీతారామాంజనేయులు పోయాక నేనే అటక మీంచి తీయించాను. నాకు ఏడుపు రాలేదు నాయనా. దాన్ని చూస్తూ కూర్చునేదాన్ని, అంతే."

కాచి ఆముదంలో ముంచితే ఇనుము నల్లబడుతుందని బుడాన్‌కి తెలుసు. పిడి ఊడదీసి పక్క కమ్మరి కొలిమిలో పెట్టాడు. ఆవిడ గడప మీద కూర్చుని చూస్తూనే ఉంది. ఒకచోట నీలం తిరిగింది. ఒకచోట ఇటుకరంగు. మళ్ళీ కాచాడు. మూడోసారి పాత అతుకు విడిపోయి, వేళ్ళకి అడ్డుండే వంకీ ఊడి బూడిదలో పడింది.

"ఇంకెవరన్నా చేస్తారా?"

"ఈ చుట్టుపక్కల ఎవరూ లేరమ్మా."

రాఘవమ్మ తలూపింది. "నువ్వేం చేస్తావులే. తుప్పనుకున్నావు."

ఆ మాటతో ఊరుకోవచ్చు. ఊరుకోలేకపోయాడు. "తుప్పు కాదని తెలుసమ్మా."

"తెలిసి ఎందుకు గీకావు?"

"మెరుస్తుంటే... బాగుందమ్మా."

తిడుతుందేమో, తిడితే బాగుండుననుకున్నాడు. ఆవిడ ముక్కలన్నీ ఏరి పంచెలో చుట్టుకుంది.

దర్శి బస్సు మిరపకాయ బస్తాల మీద జనంతో వచ్చి ఆగింది. మెట్టు ఎత్తు. ఒక చేత్తో ఎక్కలేక ఆవిడ తడబడుతుంటే బుడాన్ పరుగున వెళ్ళి, మూట ఇమ్మని చేతులు చాచాడు.

"వద్దులే," అంది రాఘవమ్మ. మూటని చంకకి అదుముకుని, రెండో చేత్తో కమ్మీ పట్టుకుని, ఎలాగో ఎక్కింది.