పురుగుల కూడు

బుల్లెమ్మ మొగుడు బసవపున్నయ్యకు దానమంటే, అక్కర్లేనిది వదిలించుకుని పేరు కొట్టేయడం.

పురుగును తట్టుకునే బీటీ పత్తి విత్తనాల సంచిలో మామూలు పత్తి గింజల పొట్లం వచ్చింది. పురుగులు తినడానికి దాన్ని చేను చుట్టూ వేయాలని, లేకపోతే అవి బీటీకి అలవాటుపడి దాన్నీ తినేస్తాయని కొట్టువాడు చెప్పాడు.

"పురుగులకు నా భూమిలో విందా?" అని వెక్కిరించి, ఆ పొట్లాన్ని పర్ణశాల అడవి అంచున పోడు చేసుకునే బొజ్జయ్యకిచ్చాడు, బీటీ విత్తనమేనని చెప్పి.

బొజ్జయ్య చేను పురుగుల పాలైంది. అయినా కృతజ్ఞతగా తేనె సీసా తెచ్చాడు.

"మీరు మంచి విత్తనమే ఇచ్చిండ్రు దొరా. నా చెయ్యే మంచిది కాదు."

"మీకు సేద్యం ఎక్కడొస్తుందిలే!" అంటూ బసవపున్నయ్య సీసా అందుకున్నాడు.

బుల్లెమ్మ దాన్ని లాక్కుని బొజ్జయ్య చేతిలో పెట్టింది.

"తీసుకుపో బొజ్జయ్యా. నీకిచ్చింది పురుగుల కూడు. ఈయన లెక్కలో నువ్వూ పురుగువే."