రొద అని కొట్టేసిన మాట

నేను ఒక యాంప్లిఫయర్‌ని. పెళ్లిపందిట్లో పాటలు అరిచే రకం కాదు. మనిషి ఒంట్లో ఏ కండరమైనా కదలబోయే ముందు దానిలో రవ్వంత కరెంటు పుడుతుంది. అది ఎంత చిన్నదంటే, పక్కన ట్యూబులైటు వెలిగితే చాలు, ఆ సందడిలో కలిసిపోతుంది. చర్మం మీద అంటించిన బిళ్లల నుంచి ఆ కరెంటును అందుకుని, కొన్ని వేల రెట్లు పెంచి, కంప్యూటర్ తెర మీద గీతగా చూపించడం నా పని. నా కథ కోపంతోనే చెబుతున్నాను. చల్లగా మాట్లాడే ఓపిక నాకిప్పుడు లేదు.

నన్ను తయారుచేసింది షాహీన్. కర్నూలు నుంచి విశాఖపట్నం వచ్చి, కొండవాలులో ఉన్న ఒక పరిశోధన కేంద్రంలో పీహెచ్‌డీ చేస్తున్న అమ్మాయి. ఆ కేంద్రంలో విదేశం నుంచి తెప్పించిన యాంప్లిఫయర్ ఒకటి ఉండేది. దాన్ని ప్రొఫెసర్ విశ్వంభరరావు గారు అద్దాల బీరువాలో పెట్టి తాళం వేసుకున్నారు. ఆయుధపూజ నాడు దానికి దండ వేసేవారు. ఎవరైనా పెద్దలు వస్తే చూపించేవారు. వాడితే పాడవుతుందని ఎవరినీ ముట్టుకోనిచ్చేవారు కారు. షాహీన్ అడిగి అడిగి విసిగిపోయి తనే నన్ను కట్టుకుంది. పెట్టెను రేకుల పనివాడి చేత చేయించింది. టంకం వేసిన ప్రతి అతుకునూ భూతద్దం పెట్టి చూసుకుంది. నాకొక గుణం నేర్పింది. రెండు బిళ్లల దగ్గరా ఒకేలా వినబడేది గోడల్లోని వైర్ల రొద, దాన్ని పారేయాలి. తేడాగా వినబడేదే మనిషిది, దాన్ని పోనివ్వకూడదు.

మొదట్లో నా ముందు కూర్చున్నవాళ్లంతా కాలేజీ పిల్లలు, వాళ్లను వెంటబెట్టుకొచ్చిన మాస్టర్లు. “రిలాక్స్ అవ్వండి” అనగానే మనిషి బిగుసుకుపోతాడని నాకు అప్పుడే తెలిసింది. “నాకేం కోపం లేదండీ” అని నవ్వే పెద్దమనిషి దవడ కండరం నా దగ్గర కేకలు పెట్టేది. మనుషుల నోటికీ కండకూ పొత్తు కుదరదు. ఆ రోజుల్లో నాకది సరదాగానే ఉండేది.

తర్వాత ప్రొఫెసర్ గారు పెద్ద అధ్యయనం ఒకటి మొదలుపెట్టారు. తలకు దెబ్బ తగిలి, స్పృహ తిరిగి రాక, నెలల తరబడి మంచం మీద ఉన్నవాళ్ల కండరాలు ఎలా బిగుసుకుపోతాయో కొలవడం దాని ఉద్దేశం. ఈ మనుషులు ఏదీ కావాలని కదపలేరు కాబట్టి వచ్చిన గీతంతా బిగుతే అని ఆయన నమ్మకం. కొలవకముందే తేల్చేసుకున్న సంగతి అది. బీరువాలో ఉన్నదాన్ని ఆసుపత్రి దుమ్ములోకి పంపడం ఇష్టం లేక, షాహీన్ వెంట నన్ను పంపారు.

ఆ ఆసుపత్రి వార్డులో గౌరినాయుడు ఉండేవాడు. గజపతినగరం వైపు కరెంటు లైన్‌మన్. స్తంభం మీద పనిచేస్తూ షాక్ కొట్టి పడిపోయాడు. కాలిన గాయాలు మానాయి, తలలోది మానలేదు. కళ్లు తెరిచే ఉండేవి, ఎవరినీ చూసేవి కావు. అతని మంచం మీదుగా హౌస్‌సర్జన్లు బిర్యానీ ఎక్కడ బాగుంటుందో మాట్లాడుకునేవారు. చూడవచ్చిన చుట్టాలు, పోయినా బాగుండేది, కొడుక్కి ఆ ఉద్యోగమైనా వచ్చేది అని అతని తలాపునే నిలబడి అన్నారు. వినడని అంత ధీమా.

అతనితో మాట్లాడేది భార్య పైడమ్మ ఒక్కతే. తడిగుడ్డతో ఒళ్లు తుడుస్తూ, చెవి దగ్గర వంగి ప్రతిరోజూ ఒకటే అడిగేది.

“లైనాపించీసినావా మావా?”

షాహీన్ ఒకరోజు ఉండబట్టలేక అడిగింది. “అక్కా, ఎప్పుడూ అదే ఎందుకడుగుతారు?”

“ఆఫీసోలు లైనాపించకండా ఎక్కీసినాడని రాసీసినారమ్మా. తప్పు ఈడిదేనంట. మా మావ అలగెక్కీ మనిసి కాదు. లైనాపించీసినాకే పైకెక్కి, కిందున్నోలికి బొటనేలు సూపిత్తాడు. అందికే అడుగుతున్నాను. ఎప్పుడో ఒకపాలి సెప్తాడు.”

ఆ పూట నా బిళ్లలు అతని బొటనవేలి మొదట్లో ఉన్న కండ మీదే ఉన్నాయి. పైడమ్మ మళ్లీ అడిగింది. కాసేపు ఏమీ లేదు. తర్వాత ఆ కండలో సన్నగా వణుకు పుట్టింది. వేలు వెంట్రుకవాసి కూడా కదల్లేదు. కంటికి కనిపించేది ఏమీ లేదు. నాకు మాత్రం వినబడింది. బావిలో పడ్డవాడు అడుగునుంచి పిలిచినట్టు వినబడింది. ఉన్నదంతా పెంచి తెర మీదికి తోశాను. షాహీన్ కుర్చీలోంచి లేచి నిలబడింది.

ఆ గీత చూసి ప్రొఫెసర్ గారు కళ్లజోడు కూడా సవరించుకోలేదు.

“రొద అమ్మా అది. ఆసుపత్రి వైరింగు. సొంతంగా కట్టుకున్న పెట్టెతో కొలిస్తే ఇలాంటివే వస్తాయి.”

“రొదైతే ఆగకుండా రావాలి కదా సార్. ఇది ఆమె అడిగాకే వస్తోంది.”

“ఆవిడ మంచం పట్టుకుని ఊపుతుంటుంది. దాన్ని మనం జవాబు అనుకోకూడదు. ఆ పేషెంటు డేటా తీసెయ్. పేపరు పంపే టైములో కథలొద్దు.”

ఆయనే స్వయంగా నా నెత్తిన ఎర్ర స్టిక్కరు అంటించారు. “లోపం ఉంది, వాడరాదు” అని దాని మీద రాశారు. నేను కొలిచినవాళ్లందరి గీతలనూ రొద అని కొట్టేసి, విరిగిన కుర్చీలున్న గదిలో పడేశారు నన్ను.

నన్ను పడేసినందుకు కాదు నా కోపం. యంత్రాన్ని పడేయడం లోకంలో ఉన్నదే. నాలో లోపముందని చెప్పి, ఆ సాకుతో ఒక మనిషి లేడన్నారు. ఆయన మాట కాగితం మీద ఆసుపత్రికి వెళ్లింది. వార్డు డాక్టరు అనసూయ గారు దాన్ని నమ్మి, ఇక ఫిజియోథెరపీ దండగ, ఇంటికి తీసుకుపోండి అని పైడమ్మతో చెప్పారు. ఆ మాట చెప్పింది గౌరినాయుడి మంచం పక్కనే. తన గురించి తీర్పు చెబుతుంటే పడుకుని వినాల్సి వచ్చిన మనిషిని తలుచుకుంటే నాలోని ప్రతి తీగా ఇప్పటికీ కాలుతుంది.

షాహీన్ ఎవరినీ అడక్కుండా నన్ను ఆ గదిలోంచి తెచ్చింది. మూత విప్పి ప్రతి అతుకూ మళ్లీ పరీక్షించింది. ఎక్కడా ఏ లోపమూ లేదు. గోడ ప్లగ్గుతో నాకు పని లేకుండా బ్యాటరీ తగిలించింది. లాప్‌టాప్‌నూ దాని బ్యాటరీ మీదే నడిపింది. నేరుగా అనసూయ గారి దగ్గరకు వెళ్లింది.

“మేడమ్, డిశ్చార్జికి ముందు ఒక్కసారి చూడండి. మీరే అడగండి. మంచం దగ్గర ఇంకెవరూ ఉండరు.”

“ప్రొఫెసర్ గారికి చెప్పావా?”

“చెబితే ఒప్పుకోరు మేడమ్.”

“పద” అన్నారు అనసూయ గారు.

ఫ్యాను ఆపారు. మంచం చుట్టూ ఉన్న లైట్లు తీసేశారు. కిటికీలోంచి వచ్చే ఎండ సరిపోయింది. పైడమ్మ దూరంగా గుమ్మం దగ్గర చేతులు కట్టుకుని నిలబడింది. డాక్టరు గారు గొంతు సవరించుకున్నారు. ఇన్ని నెలల్లో ఆమె అతన్ని పేరు పెట్టి పిలవడం అదే మొదటిసారి.

“గౌరినాయుడు గారూ, బొటనవేలు పైకెత్తడానికి ప్రయత్నించండి.”

గీత లేచింది.

“ఇప్పుడు వదిలేయండి.”

గీత పడిపోయింది. ఆమె మళ్లీ అడిగారు. మళ్లీ లేచింది. పరీక్ష కోసం చాలాసేపు ఏమీ అడక్కుండా ఊరుకున్నారు. నేనూ ఊరుకున్నాను. ఊరికే గీతలు గీయడం నాకు చేతకాదు. మళ్లీ అడగగానే మళ్లీ లేచింది. అనసూయ గారు స్టూలు లాక్కుని మంచం పక్కన కూలబడ్డారు.

“ఈయన వింటున్నారు షాహీన్,” అన్నారు. తర్వాత అతని వైపు తిరిగి, “మీ ముందర చాలా మాటలన్నాం నాయుడు గారూ. క్షమించండి” అన్నారు.

గుమ్మం దగ్గర్నుంచి పైడమ్మ అడిగింది. “నానడగొచ్చా అమ్మా?”

దగ్గరకొచ్చింది, మంచాన్ని మాత్రం ముట్టుకోలేదు.

“లైనాపించీసినావా మావా?”

గీత అంతకుముందెప్పుడూ లేవనంత ఎత్తుకు లేచింది. పైడమ్మకు గీతలు తెలియవు. షాహీన్ ముఖం చూసి తెలుసుకుంది.

“అదీ. నాను సెప్తనే ఉన్నాను గదా,” అంది. అని, కొంగు నోట్లో కుక్కుకుంది.

డిశ్చార్జి ఆగింది, ఫిజియోథెరపీ మళ్లీ మొదలైంది. చలికాలం వచ్చేసరికి బొటనవేలు అందరికీ కనిపించేలా కదిలింది. ఇప్పుడు అతను చక్రాల కుర్చీలో కూర్చుని, చేతికింద బెల్లు నొక్కి పైడమ్మను పిలుస్తాడు. అతను లైను ఆపించాకే ఎక్కాడని అనసూయ గారు రాసిన ఉత్తరానికి కరెంటు ఆఫీసువాళ్లు, కండలో పుట్టిన కరెంటు సాక్ష్యం కాదని జవాబిచ్చారు. ఆమె వదల్లేదు. చివరకు విచారణ మళ్లీ తెరిచారు. ఆ రోజు ఆపిన లైనును తిరిగి ఎవరు వేశారన్న ప్రశ్న అప్పుడు పుట్టింది. ఇంకా తేలలేదు. మనిషి తప్పని రాయడానికి పట్టిన తొందర, కాదని రాయడానికి ఎందుకు పట్టదో మీకే తెలియాలి.

ప్రొఫెసర్ గారు వచ్చారు. తెర చూసి, “మంచి అబ్జర్వేషన్. దీనిమీద విడిగా పేపరు వేద్దాం” అన్నారు. ఎర్ర స్టిక్కరు గోటితో గీకి తీసేశారు. నా మీద చెయ్యి వేసి ఫొటో దిగారు. ఆ చేతికి కూడా బిళ్లలు అంటించి ఉంటే ఏం వినేవాడినో.

షాహీన్ ఫొటోలో నిలబడలేదు. “సార్, రొద అని తీసేసిన మిగతావాళ్ల డేటా కూడా చూడాలి” అంది.

“అదంతా అయిపోయిన పనమ్మా.”

అయినా తీసి చూసింది. అనసూయ గారు పక్కన కూర్చున్నారు. చాలావాటిలో ఏమీ లేదు, నిజంగానే లేదు. ఒకదాని దగ్గర ఇద్దరూ ఆగిపోయారు. భీమిలి చేపల బజారులో చేపలమ్మే ఎర్రాయమ్మది అది. ఆటో గుద్ది తలకు దెబ్బ తగిలి వార్డుకొచ్చింది. ఆమె పిక్క మీద బిళ్లలుండగా కూతురు కన్నమ్మ పక్కన కూర్చుని, “అమ్మా, కాలు కదుపే” అని బతిమాలేది. కూతురు అడిగిన ప్రతిసారీ ఆ గీత లేచింది. నేను విన్నాను, చూపించాను. ఎవరూ చూడలేదు.

అనసూయ గారు ఫోను చేశారు. “కన్నమ్మా, మీ అమ్మగారిని ఒకసారి తీసుకొస్తారా? మేం ఆమెను అడగాల్సింది ఒకటుంది.”



“మాయమ్మ వానాకాలంలోనే పోయిందమ్మా. ఇప్పుడడుగుతున్నారేటి?”

కూతురికి చెప్పాలా వద్దా అని ఇద్దరూ వాదించుకున్నారు. చెబితే ఆమె బతుకంతా ఏడుస్తుందని అనసూయ గారు అన్నారు. చెప్పకపోతే ఎర్రాయమ్మను రెండోసారి లేదన్నట్టేనని షాహీన్ అంది. చివరకు షాహీన్ ఒక్కతే భీమిలి వెళ్లింది. తిరిగొచ్చి, నా మూత మీద చెయ్యానించి నిలబడి, జరిగింది డాక్టరు గారికి చెప్పింది.

కన్నమ్మ చేపల తట్ట పక్కకు పెట్టి, చేతులు కడుక్కుని, గీత ఉన్న కాగితం అందుకుందట. లేచిన చోటల్లా వేలితో తడిమిందట.

“అయితే నా మాటిన్నాదన్నమాట.”

“విన్నారమ్మా. ప్రతిసారీ విన్నారు.”

కన్నమ్మ చాలాసేపు ఏడ్చిందట. కళ్లు తుడుచుకుని, కాగితం మడిచి జాకెట్లో పెట్టుకుందట.

“దీన్ని రొదన్నాయన పేరేటి?” అని అడిగిందట.

షాహీన్ చెప్పిందట.