చప్పట్లు ఎక్కడ కొట్టాలి

మా తమ్ముడు తిబో పియానో వాయిస్తాడు. ఆ సంగతి నేను చెప్పక్కర్లేదు, ఎవరు కనిపించినా వాడే చెప్పుకుంటాడు. చిన్నప్పుడే పారిస్ సంగీత కళాశాలలో సీటు, తర్వాత బంగారు పతకం, రికార్డులు, వియన్నా, టోక్యో. అయితే వాడికి అసలు పేరు తెచ్చింది పియానో కాదు, కోపం. సొనాటా అంటే మూడు నాలుగు భాగాల రచన, అన్నీ అయ్యేదాకా చప్పట్లు కొట్టకూడదని ఆచారం. ఒక భాగం ముగిసి రెండోది మొదలయ్యేలోగా ఎవరైనా చప్పట్లు కొడితే, చేతులు ఒళ్ళో పెట్టుకుని జనంవైపు ఒక చూపు చూసేవాడు. పత్రికలు వాడి వాయింపు కంటే ఆ చూపు గురించే ఎక్కువ రాశాయి.

పోయినేడాది మా ఊరు వెర్నూజ్‌లో వాయించాడు. మొదటి భాగం కాగానే మావాళ్ళు సంబరంగా చప్పట్లు కొట్టారు. వాడు లేచి, "పశువుల సంతకి వచ్చామనుకున్నారా?" అన్నాడు. సగంమంది నిజంగానే సంత నుంచి నేరుగా వచ్చినవాళ్ళు. అయినా సిగ్గుతో తలలు దించుకున్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

ఈ ఏడు వాడికి కచేరీలు తగ్గాయి. వాడికంటే వేగంగా వాయించే కుర్రకారు, పైగా నవ్వుతూ వాయించేవాళ్ళు, వచ్చిపడ్డారు. పారిస్ సంగీతోత్సవానికి కళాకారుల్ని ఎంపిక చేసే దెల్మాస్ అనే ఆయన, వాడి కచేరీ వినడానికి మా ఊరే వస్తానన్నాడు.

"అక్కా, జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టాలి! లేకపోతే నా పని అయిపోయినట్టే," అన్నాడు తిబో ఫోన్లో.

"సంతలో పశువులు ఎప్పుడూ నిలబడే ఉంటాయిరా," అన్నాను.

ఇక్కడ మా సంగీత సంఘం అధ్యక్షురాలు, చీజ్ కొట్టు మార్సెలిన్, అప్పటికే గడప గడపకీ తిరిగి చెప్పేసింది. "అయిపోయిందని రూఢిగా తెలిసేదాకా ఎవరూ చెయ్యి కదపొద్దు. ముందు ఎవరో ఒకరు మొదలెట్టనివ్వండి. మళ్ళీ పరువు తీసుకోవద్దు."

కచేరీ అయింది. నిజం చెప్పాలి, బ్రహ్మాండంగా వాయించాడు. చివరి స్వరం ఆగింది. ఎవరూ కదల్లేదు. అందరూ ఆ మొదలెట్టేవాడి కోసం చూస్తున్నారు. నా చేతులు లేచాయి. మార్సెలిన్ నా మణికట్టు పట్టేసుకుని, "ఇంకో భాగం ఉందేమో, సోలాంజ్!" అని గుసగుసలాడింది.

తిబో లేచి వంగి నమస్కరించాడు. పోయినసారి లేచింది తిట్టడానికే కాబట్టి, ఈసారీ ఎవరూ చెయ్యి కదపలేదు. వాడు మొహం పాలిపోయి, మళ్ళీ కూర్చుని, చిన్నప్పుడు వంటింటి పక్కగదిలో వాయించే జోలపాట అందుకున్నాడు. మధ్యలో ఒకచోట చేతులు పైకి లేచాయి. ముందు వరసలో కూర్చున్న మా అమ్మకి చెవులు వినపడవు. చేతులు లేచాయంటే అయిపోయినట్టే ఆవిడకి. టపటపా చప్పట్లు కొట్టింది.

"ష్!" అంది ఊరంతా ఒక్క గొంతుతో.

తిబో అమ్మవైపు చూశాడు. పత్రికలవాళ్ళు రాసిన చూపు కాదది. దెబ్బ తగిలి ఇంటికొచ్చిన పిల్లాడి చూపు. నా కోపమంతా అక్కడే నీరుగారిపోయింది.

దెల్మాస్ మాత్రం కళ్ళు తుడుచుకుంటూ వచ్చాడు. "మౌనంతో సత్కరించడం! ఇంత సంస్కారం పారిస్‌లో ఏదీ?" అని అక్కడికక్కడే ఉత్సవంలో చోటిచ్చాడు. పత్రికలు ఆ మౌనాన్ని ఆకాశానికెత్తేశాయి. ఇప్పుడు తిబో కచేరీకి టికెట్లు దొరకవు. చప్పట్లు కొట్టడం మోటుతనమట. రెండువేలమంది ఊపిరి బిగబట్టి విని, పిల్లుల్లా లేచి వెళ్ళిపోతారు. పొరపాటున కొట్టినవాణ్ణి బయటికి సాగనంపుతారు.

వాడు ఆదివారం ఆదివారం రైలెక్కి ఇంటికొస్తున్నాడు. అమ్మ వండిన క్యాబేజీ, సాసేజీల కూర తిని, శ్రుతి తప్పిన పాత పియానో ముందు కూర్చుని ఆ జోలపాటే వాయిస్తాడు. ఎదురుగా కుర్చీ వేసుకుని అమ్మ వాడి చేతులే చూస్తుంది. అవి లేవగానే చప్పట్లు కొడుతుంది. వాడు వాయించడం ఆపి, లేచి, నడుం వంచి నమస్కరిస్తాడు.

ఆ జోలపాటలో చేతులెత్తాల్సిన చోటు ఒక్కటే. నిన్న వాడు ఐదారుసార్లు ఎత్తాడు.