ఎల్లమ్మ ఒళ్లు

“మొగం బాగనే ఉంది గదా, ఇంగేం రోగం?” అన్నాడు వీరబ్రహ్మం, కడప నుంచి.

వీడియో కాల్లో భర్తకు కనబడేది శాంతమ్మ మొహమే. గల్ఫులోని మబేలాలో, తాను పనిచేసే మేడమ్ ఇంట్లో ఇస్త్రీబల్లను పట్టుకుని నిలబడ్డ కాళ్లు కనబడవు. తొడలకు అంటుకున్న తడిగుడ్డ కనబడదు. నెలలో సగం రోజులు రక్తం పోతూనే ఉంది. గర్భసంచి తీసేయాలంది డాక్టరు. ఆస్పత్రికి తీసుకుపోతానంది మేడమ్. వద్దన్నది వీరబ్రహ్మమే. “అది తీసేసినాక నువ్వు ఆడదానివెట్లయితావే?”

పక్కనుంచి అత్త అందుకుంది. “ఎల్లమ్మకు మొక్కుకోమను. తల్లే చూసుకుంటాది.”

గుడిలో నేలమీదున్న ఎల్లమ్మ తల గుర్తొచ్చింది శాంతమ్మకు. పసుపు ముఖం, వెండి కళ్లు. మొగుడికి అనుమానమొస్తే, ఆయన మాట మీద కన్నకొడుకే గొడ్డలితో నరికిన తల. తండ్రి మాట దాటలేదని ఆ కొడుకునే అందరూ మెచ్చుకుంటారు. కొత్తకోడలిగా ఉన్నప్పుడు అడిగిందామె, మిగతా ఒళ్లు ఏమైందత్తా అని. “దేవతకు ఒళ్లెందుకే? పో, అంట్లు తోము పో.” ఆ రోజు నవ్వొచ్చింది. ఇప్పుడు భయం. ఆపరేషన్ మత్తులోంచి లేవకపోతే? పెట్టెలో ఇంటికి చేరితే పాప ఏమైపోతుంది? చేయించుకోకపోతే మటుకు ఎన్నాళ్లు? ఎటు తిరిగినా చావే ఎదురొస్తోంది.

చెత్త వేయడానికి వీధిలోకొస్తే, పక్కింట్లో పనిచేసే రాయచోటి జైనబీ అంతా విని మూతి తిప్పింది. “నీ కడుపుకు ఆయప్ప వీసా కొట్టాల్నా అక్కా?”

సాయంత్రం కూతురు సంగీత ఫోన్ చేసింది. పదో తరగతి పిల్ల. ఏడుస్తుందేమో, వచ్చేయమంటుందేమో అనుకుంది శాంతమ్మ.

“మా, నాయిన వద్దంటాండాడు గదా. ఆయన మాట వినొచ్చు గదా?”

శాంతమ్మ మెల్లగా కూర్చుంది. పాప మీద కోపం రాలేదు. అంత చిన్నచేతికి అంత గొడ్డలి ఎవరిచ్చారా అనిపించింది.

“నాయిన చెప్పింది విన్నావు. నాకు యాడ నొప్పిగా ఉందో ఎప్పుడన్నా అడిగినావా పాపా?”

పాప గొంతు సన్నబడింది. “యాడమ్మా?”

చెప్పింది. గడ్డలు పడే రక్తం సంగతి, విరిగిపోయే నడుం సంగతి, ఎవరూ లేవకముందే ఉతుక్కునే దుప్పటి సంగతి. ముందు సిగ్గుపడుతూ, తర్వాత సిగ్గు మరిచిపోయి.

పాప ముక్కు ఎగబీల్చింది. “భయమైతాందా మా?”

“చానా. భయపడుకుంటానే ఆస్పత్రికి పోతాండా, రేపు. మీ నాయిన్ని పిలువు, నేనే చెప్తా.”