నా వంకర తీశారు

నేను ఒక వంకర చెంచాని. పుట్టుకతో వంకర కాదు. కార్ఖానాలో అచ్చు కింద నుంచి అందరిలాగే తిన్నగా బయటపడ్డాను. డజను చొప్పున కట్టి చీరాల స్టీలు సామాన్ల కొట్టుకు పంపితే, బట్టలు కుట్టే కనకరత్నం వచ్చి నన్నొక్కదాన్నే ఇమ్మని అడిగింది. కట్ట విప్పనని కొట్టువాడు గొణిగాడు.

"ఒక్క చేతికి ఎన్ని చెంచాలు కావాలయ్యా?" అందావిడ.

ఆ చెయ్యి ఆవిడ తమ్ముడు నాగభూషణానిది. ముప్పై నాలుగేళ్ల మనిషి. పుట్టినప్పటి నుంచి కాళ్లూ చేతులూ బిగుసుకుపోయి ఉంటాయి, మాట స్పష్టంగా రాదు. మణికట్టు లోపలికి తిరిగి ఉండటంతో, తిన్నని చెంచా నోటికి కాక చెంపకు చేరుతుంది. కనకరత్నం నా మెడను కుట్టు మిషను బల్ల సందులో దూర్చి కొంచెం వంచింది, ఆయన చేతికిచ్చి చూసింది, ఇంకొంచెం వంచింది. పట్టు దొరకాలని నా కాడకు జాకెట్టు ముక్కలు చుట్టి కుట్టేసింది. నాలుగు రోజులు అన్నమంతా చొక్కా తిన్నది. ఐదో రోజు నాగభూషణం తిన్నాడు. తిని ఆయన వేసిన కేకకు పక్కింటివాళ్లు పరుగెత్తుకొచ్చారు.

మునగాకు పప్పు కలిపి మెత్తగా మెదిపిన అన్నం, చిదిమిన గుడ్డు, అన్నీ నా మీద నుంచి జారనంత గట్టిగా ఉండేవి. వీపు వెనక దిండు పెట్టి నిటారుగా కూర్చోబెట్టేది. గంట పట్టేది. ఆ గంటా కనకరత్నం మిషను తొక్కుతూ, చెయ్యి సాయం చెయ్యకుండా ఎదురుగా ఉండేది. చూడటానికొచ్చిన చుట్టాలు "నువ్వే పెట్టెయ్యరాదంటే, పాపం" అనేవాళ్లు. మనుషులకు జాలి వచ్చినంత తొందరగా ఓపిక రాదు.

ఆయన నాతో పళ్లెం మీద ఒకసారి కొడితే చాలని, రెండుసార్లు కొడితే ఇంకా కావాలని. ఆయన మాటల్లో అందరికీ అర్థమయ్యేవి ఆ రెండే.

తరవాత కనకరత్నానికి కడుపులో గడ్డ అన్నారు. ఆపరేషనుకు గుంటూరు వెళ్తూ తమ్ముణ్ణి ఊరి చివర వికలాంగుల ఆశ్రమంలో దింపింది. "గంట పట్టిద్దమ్మా. పట్టనియ్యండి. చెంచా జాగ్రత్త" అని గుమ్మంలో నిలబడి సామ్రాజ్యం అనే ఆయాకు రెండుసార్లు చెప్పింది.

సామ్రాజ్యం చెడ్డది కాదు. పదిహేడు మందికి ఇద్దరే ఆయాలు. రెండో రోజు గిన్నెలు తోముతూ నన్ను చూసి "అయ్యో, వంగిపోయిందే!" అని నొచ్చుకుంది. నా కాడకున్న మురికి గుడ్డ కోసి పారేసింది. నన్ను రోలు అంచున పెట్టి, పచ్చడిబండతో నాలుగు దెబ్బలు వేసింది.

"అద్గదీ, బాగైపోయింది" అని మురిసిపోయింది.

మరునాడు నేను చెంపకు తగిలాను. అన్నం ఒళ్లో పడింది. "నువ్వుండయ్యా, నేను పెడతాగా" అంటూ ఆవిడ నన్ను లాక్కుంది. గంట పని ఐదు నిమిషాల్లో అయిపోయింది. మజ్జిగన్నం నీళ్లలా చేసి, తల వెనక్కి వాల్చి పోసేది. పొలమారితే నెత్తిన తట్టి "మీ అక్క తలుచుకుంటందిలే" అనేది. అక్క తలుచుకునే ఉంటుంది. పొలమారింది అందుక్కాదు. చాలని చెబుదామని ఆయన చెయ్యి ఎత్తేవాడు. పళ్లెం ఆవిడ ఒక చేతిలో ఉండేది, నేను ఇంకో చేతిలో. కొన్నాళ్లకు చెయ్యి ఎత్తడం మానేశాడు.

నెలన్నరకు కనకరత్నం వచ్చింది. తమ్ముడి ఒంటి మీద చొక్కా వేలాడుతోంది. నన్ను చేతిలోకి తీసుకుని, తిన్నగా ఉన్న మెడ మీద వేలు రాసింది.

"నేనే బాగుచేశానమ్మా" అంది సామ్రాజ్యం, సంతోషంగా.

ఇంటికి తెచ్చి నా మెడను మళ్లీ అదే సందులో పెట్టి వంచింది. నేను పుటుక్కున విరిగాను. వంచిన చోటే తీసి, తీసిన చోటే వంచితే ఉక్కయినా ఎంతకని ఓర్చుకుంటుంది? ఆవిడ ఏడవలేదు. ఇంకో చెంచా కొనుక్కొచ్చి వంచి, గుడ్డ చుట్టి, తమ్ముడి చేతిలో పెట్టింది.

"తిను నాయనా, నీ చేత్తో."

నాగభూషణం చెయ్యి ఒళ్లోంచి లేవలేదు. తల వెనక్కి వాల్చి, నోరు తెరిచి, ఎదురుచూశాడు.

నా రెండు ముక్కలూ ఇప్పుడు కుట్టు మిషను సొరుగులో, విరిగిన సూదుల పక్కన ఉన్నాయి. రోజూ మధ్యాహ్నం పైన పళ్లెం పెట్టిన చప్పుడు వినిపిస్తుంది. "తిను నాయనా" అన్న మాట వినిపిస్తుంది. మిషను చాలాసేపు ఆగి ఉంటుంది. పళ్లెం మీద ఒక్క దెబ్బ, చాలని చెప్పే ఆ ఒక్క దెబ్బయినా వినబడుతుందేమోనని వింటూ ఉంటాను. ఇంతవరకు వినబడలేదు.