ఇత్తడి రేకు, ఎర్రకుచ్చు

మాచర్ల చుట్టుపక్కల మిరపకాయ వ్యాపారంలో త్రికోటేశ్వరరావు తీర్పుకు తిరుగులేదు. కల్లంలో ఆరబోసిన కాయను చూసి ఆయన ఇది మేలు, ఇది మధ్యమం, ఇది తాలు అని చెబితే, విదేశాలకు సరుకు పంపే అయాజ్ మారుమాట లేకుండా బస్తాలు ఎత్తించేవాడు. ఆయనకు ఇన్నేళ్ళుగా అన్నం పెట్టినదీ, నలుగురిలో మర్యాద నిలిపినదీ ఆ చూపే.

ఆ చూపు నిరుడే చెడింది. ఎరుపూ పచ్చా రెండూ పాతబెల్లం రంగులోకి దిగిపోయాయి. కంటినరం ఎండుతున్నదనీ, ఆపరేషనుతో బాగయ్యేది కాదనీ నరసరావుపేట వైద్యుడు చెప్పినప్పుడు పక్కన ఉన్నది భార్య పద్మజ ఒక్కతే. నాటినుంచి ఆయన కాయను వేళ్ళతో నలిపి, వాసన చూసి, చెవిదగ్గర గింజ ఆడించి తీర్పు చెబుతూ వచ్చాడు. ఒక్క తీర్పూ తప్పలేదు. పని చేసేది చేయి. పేరు మాత్రం కంటిదే.

అయాజ్‌కు ఆదివారాలు బుగ్గవాగులో కొర్రమీను వేట సరదా. అతని వెంట త్రికోటేశ్వరరావూ, పద్మజ తమ్ముడు గోపీచందూ వెళ్ళేవారు. వారి గాలం వానపామును గుచ్చే నాటుగాలం కాదు. వంచిన తీగకు ఒక కొసన నీటిలో గిరగిర తిరిగే లోహపు రేకు, రెండో కొసన కొక్కేన్ని కప్పుతూ రబ్బరు పోగుల కుచ్చు. నీరు తేటగా ఉన్ననాడు వెండి రేకుకు తెల్లకుచ్చు, మబ్బు కమ్మిననాడు రాగి రేకుకు పచ్చకుచ్చు, వాననీరు దిగి బురద కలిసిననాడు ఇత్తడి రేకుకు ఎర్రకుచ్చు కట్టాలి. ఏ నీటికి ఏది తగునో నిర్ణయించే పెద్దరికం త్రికోటేశ్వరరావుది. రంగుల చూపు పోయాక పద్మజ ఆ కుచ్చులను పెట్టెలో వరుసగా సర్ది ఇచ్చింది: మొదటి గడిలో తెలుపు, నడిమి గడిలో పచ్చ, చివరి గడిలో ఎరుపు. గడిని వేలితో తడిమితే రంగు చేతికి వచ్చేది.

ఆ ఆదివారం ముందు రెండు రోజులు వాన పడింది.

"ఏది కట్టమంటావు బాబాయ్?" అని అయాజ్ అడిగాడు.

త్రికోటేశ్వరరావు వంగి నీటిలో చేయి ముంచాడు. మణికట్టు మునగకముందే వేళ్ళు మాయమయ్యాయి. "బురదనీళ్ళు. ఇత్తడి రేకు, ఎర్రకుచ్చు. ఈ నీళ్ళల్లో కొర్రమీనుకు ఇంకో రంగు ఆనదు," అని పెట్టె తెరిచి, చివరి గడిలోని కుచ్చును తీసి అందించాడు.

అయాజ్ చేయి చాచలేదు. గోపీచంద్ గొంతు సవరించుకున్నాడు.

"ఏంది బావా అది?"

"ఎర్రది."

"బాగా చూసి చెప్పు."

"చూసేదేందిరా, ఎర్రదే."

"చిలకపచ్చ గదా బావా. సరే, ఇంకోటి తియ్యి."

ఆయన వేళ్ళు నడిమి గడికి వెళ్ళాయి. అందులోనిదీ పాతబెల్లమే. దానిని వెలుతురుకు ఎత్తిపట్టాడు, దించాడు, మళ్ళీ ఎత్తాడు.

"ఇదా ఎర్రది, అదా? ఆ గడ్డి ఏ రంగు బావా? పోనీ నా చొక్కా?" గోపీచంద్ నవ్వు ఆపుకోలేకపోయాడు. "మూడు కళ్ళ సామి పేరు పెట్టుకున్నావు. నీకు రెండు కూడా లేకపోయె."

పల్నాటిలో బావామరదుల వేళాకోళానికి హద్దు లేదు. బావమరిది ఎంత మాట అన్నా బావ నవ్వాలి. కోపగించుకున్నవాడే నలుగురిలో పలుచనవుతాడు. అది తాతలనాటి మర్యాద. త్రికోటేశ్వరరావు ఆ మర్యాదను తప్పలేదు. పచ్చకుచ్చొక చేత, ఎర్రకుచ్చొక చేత పట్టుకుని, ఏది ఏదో తెలియక, నవ్వాడు. అయాజ్ కూడా మొదట నవ్వాడు. తరువాత అతని ముఖంలోని నవ్వు మెల్లగా వ్యాపారంలోకి దిగింది.

"మొన్న దుర్గి కల్లంలో కాయ కూడా ఇట్టాగే చూశావా బాబాయ్?"

"చేత్తో చూశాను. తప్పిందా?"

"తప్పలేదు. నీ కళ్ళ గురించి నాకు తెలవదు గదా, అదీ సంగతి." అయాజ్ పెట్టె అందుకుని గోపీచంద్ వైపు జరిపాడు. "రేపటినుంచి కాయ గోపీ చూస్తాడులే. పెద్దోడివి, నువ్వు నీడపట్టున కూర్చో."

గోపీచంద్ ఎర్రకుచ్చు ఏరి ఇత్తడి రేకుకు కట్టాడు. విసిరిన కాసేపటికే మోచేయంత కొర్రమీను పడింది. దానిని ఒడ్డున కొట్టి చంపుతూ అయాజ్ మెచ్చుకోలుగా అన్నాడు: "నీ మాటే నిజం బాబాయ్. ఎరుపే."

తిరుగుదారిలో, గడుల వరుస ఎవరికి తెలుసునన్నది ఒక్కటే త్రికోటేశ్వరరావు ఆలోచన. ఇల్లు చేరి, కాళ్ళు కడుక్కోకుండానే వంటింటి గడపలో నిలబడ్డాడు.

"గడులు మార్చింది నువ్వా, వాడా?"

పద్మజ తలెత్తలేదు. "వాడే. వరస నేను చెప్పా." పప్పు ఎనుపుతున్న చేయి ఆగలేదు. "ఎప్పటికైనా దొరికేవాడివే. బయటోడు పట్టుకుంటే ఆ పని బయటికి పోయేది. వాడికి ఇద్దరు పిల్లలు. మనకెవరున్నారు?"

ఆమె పప్పు చవిచూసి, ఉప్పు చాలిందో లేదో చూడమని గరిటె అందించింది. ఆయన చూసి, చాలిందన్నాడు.

మర్నాడు అయాజ్ గోదాములో ఒక రైతు సరుకు దింపాడు. గోపీచంద్ బస్తా విప్పి అటూ ఇటూ తిప్పి చూశాడు. కాయ నిగనిగలాడుతున్నది, ఆ నిగనిగే అతనిని భయపెట్టింది. నీళ్ళు చల్లిన కాయకూ ఆ మెరుపే వస్తుంది. పిడికెడు కాయలు తెచ్చి, నీడలో కూర్చున్న బావ పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"బావా, నిన్నటిది మనసులో పెట్టుకోమాక. ఒక్కసారి చేత్తో పట్టి చెప్పు. నేను చూసినట్టు చెప్తాలే."

త్రికోటేశ్వరరావు ఒక కాయను విరిచాడు. అది పుటుక్కున విరగలేదు, సాగింది. తొడిమె మొదట వేలికి చెమ్మ తగిలింది. చెవిదగ్గర ఆడిస్తే గింజ పలకలేదు. శీతల గిడ్డంగిలో పెడితే నెల తిరగకుండా బూజుపట్టి, పక్క బస్తాలను కూడా చెరిపే సరుకు. ఆయన ఇంకొక కాయను, మరొకదానిని విరిచాడు, సందేహం లేదు. పెదవులపై స్వామి నామం ఆడింది. ఆ నామం పూర్తికాకముందే మాట వచ్చింది.

"గలగలలాడతందిరా. మేలు సరుకు."

గోపీచంద్ లేచి, గోదాము అంతా వినబడేట్లు చెప్పాడు.

"నేను చూశా, అయాజ్ అన్నా. మేలు సరుకు, అంతా ఎత్తించు."

హమాలీలు బస్తాలకు కొక్కేలు గుచ్చారు. త్రికోటేశ్వరరావు చెమ్మ అంటిన వేళ్ళను పంచెకు తుడుచుకున్నాడు.