జిల్పా తల్లి

మా నాన్న ఎఫ్రాయిమ్‌కి ఎనభై ఏడేళ్లు. ఈ ఆగస్టే ఆయనకి ఆఖరిదని డాక్టరు తేల్చి చెప్పేశాడు. ఏటా ఆగస్టులో మా చుట్టాలంతా చర్చి వెనక కలుస్తాం. ఇంటి పెద్ద లేచి పూర్వీకుల పేర్లు వరసగా పిలుస్తాడు. నలభై ఏళ్లుగా ఆ పని నాన్నదే. మొదటి పిలుపు ఎప్పుడూ ఒకటే: "తల్లి వదిలేసిన జిల్పా!"

జిల్పా రెండు వందల డెబ్బై ఏళ్ల కిందట, ఇక్కడే అమెరికాలోని కనెటికట్‌లో, పెల్టన్‌ల ఇంట బానిసగా పుట్టింది. పొరుగూరి పాదిరి ఇంట పెరిగింది. అంతకు మించి మాకేమీ తెలియదు.

"ఆ వదిలేసిన మహాతల్లి పేరేంటో కనుక్కోవే. ఎంత కోపమున్నా, ఒక్కసారి పేరు పెట్టి పిలిచి పోతాను," అన్నారు నాన్న.

చర్చి పుస్తకాలు, ఊరి రికార్డులు నెలల తరబడి తిరగేశాను. చివరికి పెల్టన్‌ల వంశంలో మిగిలిన మార్సియా అనే పెద్దావిడ, తమ ఇంటి బైబిల్లో ఏవో రాతలున్నాయని పిలిచింది. వెళితే ఆపిల్ పై అనే తీపి వంటకం కోసి పెట్టింది.

"మావాళ్లు పనివాళ్లని బాగానే చూసుకునేవారటండీ."

నాకు ఒళ్లు మండింది. "అవునండీ, జీతమివ్వడం ఒక్కటే మర్చిపోయారు," అన్నాను. ఆవిడ ముఖం కందిపోయింది. బైబిల్ నా ముందుకు జరిపింది.

ముందు పేజీల్లో పెల్టన్‌ల పిల్లల పుట్టినరోజులు. వెనక అట్ట లోపల, చెర్రీ అనే ఆవు ఈనిన తేదీ కింద, మావాళ్లు.

"దాసి బిడ్డ జిల్పా, పధ్నాలుగు వారాలది. పనికి అడ్డమని పాదిరిగారికి ఊరికే ఇచ్చేశాం. దాసి బండి వెంట మంచులో నాలుగు మైళ్లు పరిగెత్తింది. పట్టి తెచ్చి కట్టేశాం. ఏడుపు ఇంకా మానలేదు."

ఆవుకి పేరు రాశారు. ఆమెకి రాయలేదు. ఎవరింటి బల్ల అని కూడా చూడకుండా తల వాల్చి ఏడ్చేశాను.

సాయంత్రం నాన్నకి చదివి వినిపించాను. మళ్లీ చదవమన్నారు. చదివాను.

"వదల్లేదన్నమాట."

"లేదు నాన్నా."

"నలభై ఏళ్లు, అందరి ముందూ నిలబడి, నా నోటితో నేనే ఆవిణ్ణి..." దగ్గు తెర వచ్చి మాట ఆగిపోయింది. నీళ్లు తాగించాను. ఆయన చెంపలు తడిసిపోయాయి.

"క్షమించమ్మా అనాలి కదే," అన్నారు నా చెయ్యి పట్టుకుని. "ఏమని పిలవనే?"